డాక్టరు వచ్చేలోపు ఇచ్చిన తొలి మోతాదు: చట్టం నర్సు పక్షాన ఉందా?

రాత్రిడ్యూటీ

లేబర్ రూములో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పోయిన నెల ఒక రాత్రి 2:40కి 36 వారాల గర్భిణిని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. బీపీ 170/110 ఉంది, మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్‌లు చూపించింది. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నట్టుందని ఆమె చెబుతుండగానే దవడ బిగిసి ఫిట్స్ మొదలయ్యాయి. డ్యూటీ డాక్టరు పక్క థియేటర్లో సిజేరియన్ మధ్యలో ఉన్నారు. ఆయాను పరిగెత్తించి కబురు చేశాను గానీ, తెరిచిన కడుపును వదిలి ఆవిడ రాలేరని నాకు తెలుసు. గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి, నోట్లోని నురగ తీసి, ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్‌ను ఆపే మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదును ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా ఇచ్చాను. ఆమె వచ్చిన 25 నిమిషాలకు, అంటే 3:05కి, డాక్టరు వచ్చి, చూసి, మిగతా చికిత్స రాశారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు.

12 రోజులకు నాకు మెమో వచ్చింది. రాతపూర్వక ఆదేశం లేకుండా అధిక ప్రమాదం గల మందును ఎందుకు ఇచ్చారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. మాతృ ఆరోగ్యం పేరుతో ఇన్ని చట్టాలు, ఇన్ని పథకాలు, ఇన్ని మార్గదర్శకాలు ఉన్నాయి కదా, వాటిలో ఏ ఒక్కటైనా ఆ 25 నిమిషాల గురించి మాట్లాడుతుందా? అవి మన చేతులకు బలమా, సంకెళ్లా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

కేస్‌షీట్

ముందు ఒక్క మాట చెప్పండి. మందు ఇచ్చిన సమయం, డాక్టరుకు కబురు పంపిన సమయం అప్పటికప్పుడే రాశారా, తెల్లవారాక రాశారా?

రాత్రిడ్యూటీ

అప్పుడే రాశాను. రాయడానికి కాగితం అందక చేతి గ్లౌజు మీద 2:46 అని పెన్నుతో రాసుకుని, మూడు గంటలకు కేస్ షీటులోకి ఎక్కించాను. ఆయాను పంపిన సమయం మాత్రం రాయలేదు.

పార్టోగ్రాఫ్

నర్సింగ్ విద్యార్థులకు పదిహేనేళ్లుగా ప్రసూతి పాఠం చెబుతున్నాను, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. కేంద్ర ఆరోగ్య శాఖ 2010లో విడుదల చేసిన నైపుణ్య ప్రసవ సహాయ మార్గదర్శకాలు మీ ప్రశ్నకు నేరుగా సమాధానం చెబుతాయి. అవి ఏఎన్‌ఎంలు, లేడీ హెల్త్ విజిటర్లు, స్టాఫ్ నర్సుల కోసం రాసినవి, శీర్షికలోనే ఈ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదును, అంటే మీరు ఇచ్చిన ఆ పది గ్రాములనే, ఇచ్చి పై ఆసుపత్రికి పంపాలని అందులో ఉంది. కాన్పు అయిన వెంటనే రక్తస్రావం కాకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి ఇవ్వడం, అది దొరకనిచోట మిసోప్రొస్టాల్ 600 మైక్రోగ్రాములు మింగించడం కూడా వీరి చేతికే అప్పగించింది.

ఇది ఊరికే వచ్చిన అనుమతి కాదు. అంతకు ముందు మా తరం నర్సులు సిరంజిలో మందు ఎక్కించుకుని, ఆదేశం కోసం తలుపు వైపు చూస్తూ నిలబడేవారు. గర్భిణి ఫిట్స్‌కీ, అంటే గుర్రపువాతానికీ, రక్తస్రావానికీ డాక్టరు వచ్చేదాకా ఆగే ఓపిక ఉండదని ప్రభుత్వం గ్రహించడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ సంజాయిషీలో మొదటి వాక్యం ఈ మార్గదర్శకాల గురించే ఉండాలి.

నల్లకోటు

వృత్తిరీత్యా న్యాయవాదిని, మా అక్క నర్సు. పార్టోగ్రాఫ్ గారు చెప్పింది నిజమే గానీ, అందులో రెండు మెలికలు ఉన్నాయి. మార్గదర్శకం చట్టం కాదు. పార్లమెంటు చేసిన చట్టానికి ఉండే బలం దానికి లేదు, అయితే ప్రామాణికమైన పద్ధతి ఏమిటో తేల్చవలసి వచ్చినప్పుడు న్యాయస్థానం ముందు దానికి మంచి విలువ ఉంటుంది. రెండో మెలిక మరింత ముఖ్యమైనది. ఆ మార్గదర్శకాలు ప్రధానంగా డాక్టరు లేని చోటును, రెఫర్ చేయబోయే ముందటి క్షణాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. 'మా ఆసుపత్రిలో డాక్టరు ఉన్నారు కదా' అని యాజమాన్యం వాదిస్తుంది. థియేటర్లో చేతులు ఖాళీ లేని డాక్టరు ఉన్నట్టా, లేనట్టా అన్నదే మీ కేసులో అసలు ప్రశ్న.

తొలికేక

అడిగినప్పుడు రాలేకపోతే లేనట్టే. ఇందులో చర్చ ఏముంది?

ఎర్రజెండా

చర్చ ఉంది తొలికేక గారూ. అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. నేను ఐసీయూలో పనిచేసే రోజుల్లో బయట నుంచి ఒక బాలింతను తీసుకొచ్చారు. అక్కడి నర్సు మంచి మనసుతోనే మెగ్నీషియం ఇచ్చింది, ఆ తరువాత డ్యూటీ మారినప్పుడు మరో నర్సు మళ్లీ పూర్తి మోతాదు ఇచ్చింది. మొదటిది ఎక్కడా రాసి లేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఆమె శ్వాస నిమిషానికి ఎనిమిది. మోకాలి మీద సుత్తితో తడితే కాలు కదలలేదు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించి, గంటల తరబడి పక్కనే కూర్చుని కాపాడుకున్నాం. ఆ రాత్రి తరువాత, నర్సు సొంతంగా మందు ఇవ్వకూడదనే నియమం ఎందుకు పుట్టిందో నాకు అర్థమైంది. ఆ నియమం నర్సు మీద అనుమానంతో పెట్టినది కాదు, మంచం మీద ఉన్న మనిషి కోసం పెట్టినది.

పార్టోగ్రాఫ్

ఎర్రజెండా గారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. అక్కడ ప్రమాదం జరిగింది తొలి మోతాదు వల్ల కాదు, రాయకపోవడం వల్ల, రెండో మోతాదుకు ముందు చూడవలసిన మూడింటినీ చూడకపోవడం వల్ల. శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మోకాలి ప్రతిచర్య ఉండాలి, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. ఈ మూడూ చూసేది ఏ దేశంలోనైనా నర్సే. చూసే బాధ్యత నర్సుకు ఇచ్చి, ఇచ్చే అధికారం మరొకరికి ఇస్తే మధ్యలో జారిపోయేది తల్లి ప్రాణం. అధికారంతో పాటు శిక్షణ, ఏటా దాన్ని మళ్లీ పరీక్షించే పద్ధతి కూడా ఉండాలని మీరు అంటే, ఆ మాటకు నేను ముందుగా చేయి ఎత్తుతాను.

ఎర్రజెండా

అదే అంటున్నాను. శిక్షణ పొందిన నర్సుకు అధికారం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. శిక్షణ కాగితం మీదే జరిగే చోట్ల అధికారం ఇవ్వడానికే భయం.

రాత్రిడ్యూటీ

ఆ మూడూ ఆ రాత్రి నేను చూశాను. క్యాథెటర్ వేసి బ్యాగు కట్టాక మొదటి గంటలో 40 మిల్లీలీటర్లు వచ్చింది. టార్చి వెలుగులో ఆ గీత చూసినప్పుడు గానీ నా చేతుల వణుకు తగ్గలేదు. కాల్షియం గ్లూకోనేట్ ఆంపూల్‌ను ముందే తీసి ట్రేలో పెట్టుకున్నాను.

సబ్‌సెంటర్

ఏఎన్‌ఎంగా నా వాడుకలో చట్టం అంటే ఆక్సిటోసిన్ ఉంచే ఫ్రిజ్. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఆక్సిటోసిన్ తయారీని ప్రైవేటు కంపెనీలకు నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. పాడి పశువులకు దాన్ని దుర్వినియోగం చేస్తున్నారన్నది కారణం. దేశమంతటికీ ఒక్క ప్రభుత్వ రంగ సంస్థే సరఫరా చేయాలన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. ఈ లోపు నెలల పాటు, వచ్చే నెల ఇండెంట్‌కు మందు వస్తుందో రాదో తెలియక ఫ్రిజ్‌లోని ఆంపూళ్లను లెక్కపెట్టుకుంటూ గడిపాను. పశువుల కోసం ఆలోచించి రాసిన కాగితం వచ్చి నా లేబర్ టేబుల్ మీద పడింది. చట్టం రాసేవారు రాసే ముందు ఒక్క నర్సునైనా పిలిచి అడిగి ఉంటే, బిడ్డ పుట్టిన మొదటి నిమిషంలో ఆ మందు ఇవ్వాలని, తల్లి రక్తస్రావాన్ని ఆపడానికి మా చేతిలో ఉన్న మొదటి ఆయుధం అదేనని చెప్పి ఉండేది.

తొలికేక

నల్లకోటు గారూ, రాత్రిడ్యూటీ గారి విషయంలో ఆ తల్లికి ఏదైనా జరిగి ఉంటే? మెమోతో పోయేదా?

నల్లకోటు

పోయేది కాదు. ఈ మాట రాయడానికి నాకే బాధగా ఉంది గానీ, తెలుసుకోవడం మంచిది. పాత శిక్షా స్మృతిలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే, డాక్టరైనా నర్సైనా గరిష్ఠ శిక్ష రెండేళ్లే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్లకు పెంచింది. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కు మాత్రం రెండేళ్లుగానే ఉంచింది. ఆ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ ఎవరో అదే సెక్షన్ వివరణలో ఉంది: జాతీయ లేదా రాష్ట్ర మెడికల్ రిజిస్టర్‌లో పేరు ఉన్న డాక్టరు. నర్సు పేరు నర్సింగ్ రిజిస్టర్‌లో ఉంటుంది, మెడికల్ రిజిస్టర్‌లో కాదు. అంటే ఒకే మంచం దగ్గర, ఒకే పొరపాటుకు, అక్షరాల ప్రకారం చదివితే డాక్టరుకు రెండేళ్లు, నర్సుకు ఐదేళ్లు.

కొంత ఊరట కూడా ఉంది. వైద్యవృత్తిలో క్రిమినల్ నేరం మోపాలంటే మామూలు పొరపాటు చాలదని, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. న్యాయ సంహితలో సద్భావంతో చేసిన పనికి రక్షణ ఇచ్చే 30వ సెక్షన్ కూడా ఉంది, కానీ అది రోగి సమ్మతి తీసుకోలేని పరిస్థితి గురించే గానీ డాక్టరు ఆదేశం లేకపోవడం గురించి కాదు. చాలామంది దాన్ని సర్వరోగ నివారిణిగా చెబుతుంటారు, నమ్మకండి.

పార్టోగ్రాఫ్

ఐదేళ్ల సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. రేపటి తరగతిలో దీని గురించే మాట్లాడతాను. ప్రాణం కాపాడే మందును మీ చేత్తో ఇవ్వండని ఒక కాగితం చెబుతుంటే, ఇస్తే మీ రక్షణ తక్కువ అని మరొక కాగితం చెబుతోంది. ఈ రెండూ ఒకే ప్రభుత్వానివి.

పచ్చకార్డు

ఐర్లాండ్‌లో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. చట్టంలోని అస్పష్టత మంచం దగ్గర ఏమవుతుందో ఈ దేశం 2012 అక్టోబరులో చూసింది. 17 వారాల గర్భంతో వచ్చిన సవితా హాలప్పనవర్‌కు గర్భస్రావం తప్పదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటున్నందున గర్భాన్ని తొలగించలేదు. ఆమె సెప్సిస్‌తో, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌తో, చనిపోయారు. అప్పటి చట్టం సందిగ్ధంగా ఉందన్నది ఎంత నిజమో, ఆమె నాడి, ఉష్ణోగ్రతలను సరిగా గమనించలేదన్నదీ విచారణల్లో తేలిన అంతే నిజం. ఆ తరువాత 2013లో దేశమంతటా ఒకే రకమైన ప్రసూతి ముందస్తు హెచ్చరిక చార్టు వచ్చింది. 2018లో ప్రజాభిప్రాయ సేకరణతో గర్భస్రావాన్ని అడ్డుకునే రాజ్యాంగ నిబంధన పోయింది, కొత్త చట్టం 2019 జనవరి నుంచి అమలైంది. చట్టం మారడం పెద్ద వార్త అయింది. నా రోజువారీ పనిని ఎక్కువగా మార్చింది మాత్రం ఆ చార్టు. పసుపు గడి, గులాబి గడి. ఫలానా అంకె దాటితే ఫలానా వారిని పిలవాలి, పిలిచినా రాకపోతే వారి పైవారిని పిలవాలి. పిలిచినందుకు నన్నెవరూ ప్రశ్నించరు, పిలవకపోతే ప్రశ్నిస్తారు.

ఎర్రజెండా

మనస్సాక్షి అభ్యంతరం సంగతి అక్కడ ఎలా ఉంటుంది? గర్భస్రావానికి సాయం చేయనని నర్సు చెప్పవచ్చా?

పచ్చకార్డు

చెప్పవచ్చు, నర్సులకూ మిడ్‌వైఫ్‌లకూ ఆ హక్కు చట్టంలోనే ఉంది, తల్లి ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో మాత్రం లేదు. బ్రిటన్‌లో ఈ విషయం 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గ్లాస్గోకు చెందిన ఇద్దరు లేబర్ వార్డు మిడ్‌వైఫ్‌లు, గర్భస్రావం కేసుల్లో పర్యవేక్షణ కూడా చేయబోమన్నారు. స్వయంగా చేతితో పాల్గొనే పనికే అభ్యంతర హక్కు వర్తిస్తుందని, డ్యూటీలు వేయడం వంటి పర్యవేక్షణకు వర్తించదని కోర్టు తేల్చింది. ఆ తీర్పుతో ఏకీభవించినా లేకపోయినా, ఎక్కడిదాకా నా పని, ఎక్కడి నుంచి కాదు అన్నది స్పష్టంగా తెలిసింది. రాత్రిడ్యూటీ గారు అడుగుతున్నదీ అలాంటి గీతనే అనుకుంటున్నాను.

సబ్‌సెంటర్

గీతలంటే గుర్తొచ్చింది. ఎంటీపీ రిజిస్టరు, అంటే ఆసుపత్రిలో చేసే గర్భస్రావాల రిజిస్టరు, మీ దగ్గర ఎవరు రాస్తారు? మా పై ఆసుపత్రిలో నర్సే రాస్తుంది. 17 ఏళ్ల అమ్మాయి వస్తే పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో ప్రకారం పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే శిక్ష. ఎంటీపీ చట్టం ప్రకారం పేరు బయటపెట్టకూడదు, పెడితే ఏడాది దాకా జైలు. ఈ రెండింటి మధ్య పెన్ను పట్టుకుని కూర్చునేది మేమే.

నల్లకోటు

ఆ ముడిని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో కొంత విప్పింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు వెల్లడించనవసరం లేదని చెప్పింది. సమాచారం ఇవ్వక తప్పదు, పేరు మాత్రం అక్కర్లేదు. కేస్ షీటులోనూ థియేటర్ రిజిస్టర్‌లోనూ పేరుకు బదులు అడ్మిషన్ రిజిస్టర్ క్రమ సంఖ్య మాత్రమే రాయాలని ఎంటీపీ నిబంధనల్లో 2003 నుంచే ఉంది. ఈ ఒక్క నియమం పాటించినా సగం ఇబ్బంది తీరుతుంది.

ఏడోనెల

నేను కూడా నర్సునే, ఇప్పుడు ఏడో నెల. ప్రసూతి చట్టాల చర్చ కాబట్టి అడుగుతున్నాను. నాకు ఇంకా రాత్రి డ్యూటీలు వేస్తున్నారు, 12 గంటలు నిలబడాలి. మేము కాంట్రాక్టు ఉద్యోగులమని, మాకు 26 వారాల సెలవు ఉండదని ఇన్‌చార్జి అంటున్నారు.

నల్లకోటు

ఇన్‌చార్జి చెప్పింది సరికాదు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, కాంట్రాక్టు అన్నది అడ్డంకి కాదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన 26 వారాలు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నాయి. ఇప్పటికే బతికున్న పిల్లలు ఇద్దరు ఉంటే 12 వారాలు. కాన్పుకు ముందు కొంత కాలం పాటు, మీరు కోరితే, ఎక్కువసేపు నిలబడే పనీ కష్టమైన పనీ ఇవ్వకూడదని కూడా అందులో ఉంది. కానీ మీరు కోరాలి, రాసి ఇవ్వడం మంచిది. నోటితో అడిగితే రుజువు ఉండదు.

కేస్‌షీట్

ఏడోనెల గారూ, ఈ రోజే రాసి ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. తల్లుల కాళ్ల వాపును రోజూ వేలితో నొక్కి చూసే మనమే మన కాళ్ల వాపును పట్టించుకోం.

పచ్చకార్డు

మనిషికి మనిషి లెక్క కూడా చట్టంలో ఉండాలి. అమెరికాలో కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది: నొప్పులు పడుతున్న ఇద్దరు తల్లులకు కనీసం ఒక నర్సు. ఒక్క నర్సు నాలుగు టేబుళ్ల మధ్య తిరిగే చోట, గంట గంటకూ మూత్రం కొలవాలని ఎంత బాగా రాసినా ఆ గంట రాదు.

రెండోకాన్పు

నేను నర్సును కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. మీ మాటలు మూడు రోజులుగా చదువుతున్నాను. రెండో కాన్పులో నాకు రక్తం ఆగలేదు. ఒక సిస్టర్ నా పొట్ట మీద పిడికిలితో గట్టిగా మర్దన చేస్తూనే, ఇంకొకరికి మందు పేరు చెబుతూ, నా వైపు తిరిగి 'కళ్లు మూసుకోవద్దమ్మా, నాతో మాట్లాడు' అన్నారు. డాక్టరు ఎప్పుడు వచ్చారో నాకు గుర్తు లేదు. ఆ సిస్టర్‌కు ఆదేశం ఉందో లేదో నాకు తెలియదు. ఆమె ఆగి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదని మాత్రం తెలుసు. మెమో ఇచ్చినవారికి ఒక తల్లి నుంచి ఉత్తరం పనికొస్తుందంటే రాసి ఇస్తాను.

పార్టోగ్రాఫ్

రెండోకాన్పు గారి పోస్టు తరువాత ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. మాతృ మరణాల సమీక్షకు మన దేశంలో 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. ఎవరి మీదా నింద వేయకుండా, కారణం ఎక్కడుందో వెతకడం దాని మూల సూత్రం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి గోప్య విచారణ 1952 నుంచి సాగుతోంది. మన దేశంలో 2014-16లో లక్ష సజీవ జననాలకు 130గా ఉన్న మాతృ మరణాలు 2018-20 నాటికి 97కు తగ్గాయి. ఆ తగ్గుదలలో లేబర్ రూము నర్సు చేతి పని ఎంతో ఉంది. చనిపోయిన తల్లి విషయంలోనే నింద వద్దంటున్నప్పుడు, బతికి ఇంటికి వెళ్లిన తల్లి విషయంలో మెమో ఎందుకు? ఈ ప్రశ్నను సంజాయిషీలో మర్యాదగానే అడగండి.

ఎర్రజెండా

అడగమనే నేనూ అంటాను. దానితో పాటు స్టాండింగ్ ఆర్డర్ కావాలని కూడా రాయండి. విభాగాధిపతి సంతకంతో, ఏ లక్షణానికి ఏ మందు, ఎంత మోతాదు, ఏవి చూశాక, ఎవరికి కబురు చేస్తూ అన్నది ఒక్క పేజీలో ఉండాలి. అది ఉంటే మీరు ఇచ్చిన మందు ఆదేశం లేని మందు కాదు.

రాత్రిడ్యూటీ

సంజాయిషీ ఈ ఉదయం ఇచ్చాను. 2010 మార్గదర్శకాల ఆ పేజీ నకలు జతపరిచాను. 2:40, 2:46, 3:05, ఈ మూడు సమయాలూ, ఒక్కో సమయానికి శ్వాస, బీపీ, మోకాలి ప్రతిచర్య రాశాను. ఆయాను పంపిన సమయం రాయకపోవడం నా పొరపాటేనని ఒప్పుకున్నాను. చివర ఎర్రజెండా గారు చెప్పిన స్టాండింగ్ ఆర్డర్ కోరాను. నర్సింగ్ సూపరింటెండెంట్ నా ముందే రెండుసార్లు చదివి, పార్టోగ్రాఫ్ గారి ప్రశ్న ఉన్న పేరా దగ్గర పెన్ను ఆపి, ఏమీ అనకుండా పైకి పంపారు. మెమో ఇంకా ఎత్తివేయలేదు. స్టాండింగ్ ఆర్డర్ ముసాయిదా మాత్రం నన్నే రాసి తెమ్మన్నారు.

సబ్‌సెంటర్

రాశాక ఇక్కడ కూడా పెట్టండి. మాకూ అదే కావాలి. అక్షరాలు పెద్దవిగా రాయండి, కరెంటు పోయినప్పుడు టార్చితో చదవగలిగేలా.

కేస్‌షీట్

పైన కుడి మూలలో సమయానికి ఒక ఖాళీ గడి, కబురు ఎవరి ద్వారా పంపారన్నదానికి మరొక గడి తప్పకుండా ఉంచండి.